హౌ వుయ్ ఫీల్ యాప్: బాధకి పేరు పెట్టేదాకా బాగుంది, తిరకాసంతా ఆ తర్వాతే

"బాధగా ఉంది" అనే మాటతో మనం ఎన్ని పనులు చేయిస్తామో చెప్పలేం. పన్ను సలిపినా బాధే, మనిషి పోయినా బాధే, ప్రమోషన్ పక్కవాడికి వచ్చినా బాధే, ఆడపడుచు ఫోన్ ఎత్తకపోయినా బాధే. ఇన్నిటికీ ఒకటే సంచీ. ఆ సంచీ మూతి విప్పితే లోపల్నుంచి ఏం బయటికొస్తుందోనని భయం, అందుకే ఎవరైనా అడిగితే "ఏం లేదు, బాగానే ఉన్నా" అనేసి టీవీ రిమోట్ అందుకుంటాం.

ఆ సంచీ మూతి విప్పడానికి హౌ వుయ్ ఫీల్ అనే యాప్ నిజంగానే పనికొస్తుంది. విప్పాక ఏం చెయ్యాలనే దగ్గర మాత్రం కొంచెం తొందరపడుతుంది. ఐదుకి మూడున్నర ఇవ్వొచ్చు. ఆ తగ్గిన ఒకటిన్నర ఎక్కడ తగ్గిందో చెప్పడానికే ఈ సమీక్ష.

ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ రెండింటికీ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు రావు, ఏడు రోజుల తర్వాత చందా అడగడం లాంటి పేచీలు లేవు. కారణం, దీన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. పింటరెస్ట్ స్థాపకుల్లో ఒకరైన బెన్ సిల్బర్‌మన్ మరికొందరితో కలిసి 2020లో కోవిడ్ లక్షణాలు నమోదు చేసుకోవడానికి దీన్ని మొదలుపెట్టారు. తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో భావోద్వేగాల మీద పనిచేసే మార్క్ బ్రాకెట్ తోడయ్యాక 2022లో ఇప్పటి రూపం వచ్చింది. ఆ ఏడాదే యాపిల్ వాళ్ళ యాప్ స్టోర్ అవార్డుల్లో కల్చరల్ ఇంపాక్ట్ విభాగంలో గెలిచింది. ఇక్కడ సమీక్షిస్తున్నది ఇంగ్లీషు వెర్షన్.

పని తీరు చూద్దాం. తెరవగానే "ఎలా ఉన్నారు" అని అడుగుతుంది. జవాబుగా నాలుగు రంగుల గుండ్రాలు. ఒంట్లో ఊపు ఎక్కువ, మనసుకి హాయి లేదు అంటే ఎరుపు. ఊపు ఎక్కువ, హాయిగా ఉంది అంటే పసుపు. ఊపు లేదు, హాయీ లేదు అంటే నీలం. ఊపు లేదు గానీ హాయిగా ఉంది అంటే ఆకుపచ్చ. రంగు నొక్కితే ఆ రంగులో 36 పదాలు బుడగల్లా పరుచుకుంటాయి, మొత్తం కలిపి 144. వేలితో జరుపుతూ పోతుంటే ఒక్కో పదం కింద ఒక చిన్న వాక్యంలో దాని అర్థం కనిపిస్తుంది. ఒకటి ఎంచుకున్నాక ఎక్కడున్నారు, ఎవరితో, ఏం చేస్తున్నారు అని గుర్తులు పెట్టుకోవచ్చు, కింద నాలుగు మాటలు రాసుకోవచ్చు. ఇదంతా కలిపి ఒక చెక్-ఇన్. అలవాటైతే మొత్తం ఒక నిమిషం పని.

ఇందులో అసలు తెలివంతా మొదటి ప్రశ్నలో ఉంది. "ఏమనిపిస్తోంది" అని సూటిగా అడిగితే మనలో చాలామందికి నోరు పెగలదు. ఒంట్లో ఊపు ఉందా లేదా అంటే చంటిపిల్లాడైనా చెప్తాడు. తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న ఇంకా సులువు, ఎందుకంటే మన మాటల్లో మనసు సంగతి సగం ఒంటి మీదే ఉంటుంది. ఒళ్ళు మండింది, కాళ్ళూచేతులూ ఆడలేదు, గుండె దడదడలాడింది అంటే ఎరుపు, ఆలోచించే పనే లేదు. ప్రాణం ఉసూరుమంది, మనసు చివుక్కుమంది, గుండె బరువెక్కింది అంటే నీలం. తల తీసేసినట్టయింది అన్నప్పుడు మాత్రం కాస్త ఆగి చూసుకోవాలి. ఆ క్షణంలో అది ఎరుపు, గంట గడిచాక నీలం. కాబట్టి రంగు దగ్గర తడబడేవాళ్ళు యాప్ తెరవకముందే "ఇప్పుడు నా ఒంటికి ఏమవుతోంది" అని తెలుగులో ఒక వాక్యం అనుకుని, ఆ తర్వాత రంగు నొక్కితే సరిగ్గా పడుతుంది.

రెండో మెట్టు దగ్గర ఇబ్బంది మొదలవుతుంది. పదాలు ఇంగ్లీషువి. ఇంగ్లీషు రాక కాదు ఇబ్బంది, ఆఫీసు మెయిళ్ళు గడగడా రాసేవాళ్ళకీ ఉంటుంది. ఇంగ్లీషులో చదువుకున్న మాట బుర్రకి తగులుతుంది, ఇంట్లో విన్న మాట కడుపుకి తగులుతుంది. యాంగ్షస్ అన్న బుడగ నొక్కితే ఒక ఫారం నింపినట్టుంటుంది. అదే దాన్ని గుబులు అన్నామా, బెంగ అన్నామా, జంకు అన్నామా అని తేల్చుకుంటే విషయం తేలుతుంది. గుబులు అంటే ఏదో జరగబోతోందని. బెంగ అంటే దగ్గర లేని మనిషి కోసమో ఇంటి కోసమో. జంకు అంటే ఎదురుగా ఉన్న పని చెయ్యడానికి వెనకాడటం. మూడింటికీ మందు వేరు. గుబులుకి సమాచారం కావాలి, బెంగకి ఆ మనిషి గొంతు వినపడాలి, జంకుకి ఒక చిన్న అడుగు పడాలి.

కొన్నిటికైతే ఆ 144లో సరిజోడు దొరకడమే కష్టం. ఉక్రోషం చూడండి. అందులో కోపం ఉంది, చేతకానితనం ఉంది, నలుగురిలో చులకన అయ్యామన్న మంట ఉంది, ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగడం ఉంది. యాంగ్రీ అంటే అందులో పావు వంతే వస్తుంది. అలక కూడా అంతే. ఎదుటివాళ్ళు వచ్చి బతిమాలతారన్న నమ్మకం లేనిదే అలక లేదు, అందుకే పరాయివాళ్ళ మీద ఎవరూ అలగరు. చిన్నబుచ్చుకోవడం, నొచ్చుకోవడం, కుమిలిపోవడం ఒకటి కాదు. తెలంగాణ ఇళ్ళలో వినపడే రంది, మనాది, బుగులు మాటలు ఉండనే ఉన్నాయి. రంది పెట్టుకున్న మనిషిని వరీడ్ అని రాస్తే ఆ మనిషికే నవ్వొస్తుంది.

ఇందుకు ఉపాయం యాప్‌లోనే ఉంది. దగ్గరగా ఉన్న ఇంగ్లీషు బుడగ నొక్కేసి, కింద రాసుకునే చోట మొదటి మాటగా తెలుగు పదం పెట్టండి. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంటే చాలు. రెండు వారాల తర్వాత వెనక్కి తిరిగి చదివితే రంగులు చెప్పేదానికన్నా ఆ మొదటి మాటలు ఎక్కువ చెప్తాయి.

ఒక్క చెక్-ఇన్ దగ్గరగా చూద్దాం. పెళ్ళై వేరే ఊళ్ళో ఉంటున్న అక్క. తమ్ముడి నిశ్చితార్థం తేదీ ఖాయమైన సంగతి బంధువుల వాట్సాప్ గ్రూపులో, పిన్ని పెట్టిన పూలగుత్తి బొమ్మ కింద చూసి తెలుసుకుంది. రాత్రి భోజనాల దగ్గర "ఏమైంది" అంటే "తలనొప్పి" అంది. యాప్ తెరిస్తే మొదట ఎరుపు: ఒళ్ళు మండుతోంది. ఎరుపులో కోపానికి సంబంధించిన పదం నొక్కబోయి, పక్కనున్న నాలుగైదు పదాల అర్థాలు చదివితే ఒక్కటీ అతకదు. వెనక్కొచ్చి నీలం నొక్కితే నిరాశ, ఒంటరితనం దగ్గర వేలు ఆగుతుంది. అక్కడ రాసుకునేది ఇలా ఉంటే ఉపయోగం:

చిన్నబుచ్చుకున్నాను. తేదీ గ్రూపులో చూసి తెలిసింది. గొంతు పట్టేసింది, అన్నం దిగలేదు. గ్రూపులోంచి వెళ్ళిపోవాలనిపించింది. 10కి 6.

ఐదు వాక్యాలు, ఐదు పనులు. పేరు, జరిగింది, ఒంటికైంది, చెయ్యబుద్ధైంది, బాధ పదికి ఎంత. వీటిలో జరిగింది రాసే చోటే అందరూ కాలు జారతారు. "అమ్మవాళ్ళు నన్ను పరాయిదాన్ని చేశారు" అని రాస్తే అది జరిగింది కాదు, అనుకున్నది. ఫోటో తీస్తే ఫోటోలో పడేది మాత్రమే జరిగింది. తేదీ గ్రూపులో కనిపించడం ఫోటోలో పడుతుంది, పరాయిదాన్ని చెయ్యడం పడదు. ఈ తేడా పాటించకపోతే రాస్తున్నకొద్దీ మంట పెరుగుతుందే తప్ప తగ్గదు. యాప్‌ని తిట్టుకుని తీసేసేవాళ్ళలో చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఇప్పుడు ఆ ఒకటిన్నర మార్కుల సంగతి.

చెక్-ఇన్ అయ్యాక యాప్ చిన్న చిన్న వీడియోలు చూపిస్తుంది, ఒక్కోటి దాదాపు నిమిషం. నాలుగు రకాలు: ఆలోచన తీరు మార్చుకోవడం, ఒళ్ళు కదిలించడం, మనసుని నిలపడం, మనుషుల్ని పలకరించడం. విడివిడిగా చూస్తే ఒక్కటీ చెత్త కాదు, చెప్పే తీరు కూడా హుందాగా ఉంటుంది. లోపమల్లా అవి వచ్చే వేళలో ఉంది. బాధకి పేరు పెట్టి అర నిమిషం కాలేదు, అప్పుడే దాన్ని తగ్గించే దారులు కళ్ళముందు పరిచి ఉంటాయి. ఆందోళనతో చెయ్యి వణుకుతూ మీటింగులోకి వెళ్ళబోయేవాడికి అది వరమే. బాధంటేనే భయపడే మనిషికి మాత్రం అది ఇంకో తలుపు, పారిపోవడానికి. ఇదివరకు రిమోట్ అందుకునేవాడు ఇప్పుడు ఊపిరి వ్యాయామం అందుకుంటాడు. పైకి ఆరోగ్యంగా కనిపిస్తుంది కాబట్టి తను పారిపోతున్నట్టు తనకే తెలియదు.

పేరు పెట్టడం ఎందుకు పనిచేస్తుందో చూస్తే ఈ అభ్యంతరం అర్థమవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ఒక ప్రయోగం ప్రచురించింది. కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాలు చూపించి, ఆ భావానికి మాట ఎంచుకోమన్నప్పుడు మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం జోరు తగ్గింది. అక్కడితో ఆగితే పేరు పెడితే చాలనిపిస్తుంది. 2012లో అదే విశ్వవిద్యాలయంలో సాలీడంటే భయపడే 88 మందితో చేసిన ప్రయోగం ఇంకో ముక్క కలిపింది. వాళ్ళని బతికున్న టరాంటులా అనే పెద్ద సాలీడు దగ్గరికి నడిపించారు. ఒక గుంపుని తమ భయాన్ని ఉన్నదున్నట్టు పైకి చెప్పమన్నారు, ఇంకో గుంపుని భయపడక్కర్లేదని సర్దిచెప్పుకోమన్నారు, మరో గుంపుని సంబంధం లేని మాటలు చెప్పమన్నారు. వారం తర్వాత మళ్ళీ సాలీడు ముందు నిలబెడితే, భయాన్ని భయమని చెప్పినవాళ్ళ అరచేతుల్లో చెమట స్పందన మిగతావాళ్ళకన్నా తక్కువగా ఉంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాళ్ళు పేరు పెట్టి వెనక్కి రాలేదు, పేరు పెడుతూ దగ్గరికి వెళ్ళారు.

కాబట్టి యాప్ వాడేటప్పుడు ఒక్క మార్పు చేసుకోండి. చెక్-ఇన్ అవగానే వీడియో నొక్కకండి. ఫోన్ బోర్లా పెట్టి మూడు నిమిషాలు ఊరికే కూర్చోండి. గొంతు పట్టేస్తే పట్టేసిన చోటే దృష్టి పెట్టండి. పైకొస్తోందా, కిందికి జారుతోందా, అలాగే ఉందా చూడండి. తగ్గించాలని చూడొద్దు. కన్నీళ్ళొస్తే రానివ్వండి. మూడు నిమిషాలయ్యాక మళ్ళీ 10కి ఎంతో వేసుకోండి. తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు, ఒక్కోసారి మొదటి నిమిషంలో పెరుగుతుంది కూడా. తగ్గడం దీని లక్ష్యం కాదు. 6 ఉన్న బాధతో మూడు నిమిషాలు కూర్చున్నా ఏమీ కాలేదని ఒంటికి తెలియడమే లక్ష్యం. వీడియో కావాలంటే ఆ తర్వాత చూసుకోవచ్చు, అప్పుడు అది పరుగు కాదు. మొదలుపెట్టేటప్పుడు 3, 4 ఉన్నవాటితో మొదలుపెట్టండి. 9 ఉన్నదాన్ని మొదటి వారమే పట్టుకుంటే దెబ్బతిని యాప్ మొహం చూడరు.

ముందు ముందు రాబోయే బాధ గురించిన భయానికైతే ఇంకో వాడకం ఉంది, ఇది యాప్ చెప్పదు. నాన్నతో ఆస్తి మాట ఎత్తాలి, ప్రేమ సంగతి ఇంట్లో చెప్పాలి, మేనేజర్‌ని ఇంక్రిమెంట్ అడగాలి అనుకోండి. వెళ్ళేముందు చెక్-ఇన్ చేసి, రాసుకునే చోట రెండు అంకెలు వేయండి: ఎంత బాధ పడతాననుకుంటున్నాను, అది ఎన్ని రోజులుంటుందనుకుంటున్నాను. మాట్లాడి వచ్చాక ఇంకో చెక్-ఇన్, మర్నాడు పొద్దున ఇంకోటి. డేనియల్ గిల్బర్ట్, టిమొతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి చూపించింది ఇదే: రాబోయే బాధ ఎంతకాలం ఉంటుందో అంచనా వెయ్యమంటే మనుషులు సాధారణంగా ఎక్కువ చేసి చెప్తారు. పుస్తకంలో చదివితే "అవునా" అంటాం. మన చేత్తో రాసిన "9, నెల రోజులు" పక్కన మర్నాటి "5" కనపడితే ఆ లెక్క వేరు. ఒక్కోసారి అంచనా నిజమే అవుతుంది, నాన్న నిజంగానే పది రోజులు మాట్లాడరు. అది కూడా రాసుకోవాలి, లేకపోతే లెక్కకి విలువ లేదు.

రోజుకి మూడు చెక్-ఇన్‌లు చాలు. గుర్తుచేసే వేళలు మనమే పెట్టుకోవచ్చు. మధ్యాహ్నం భోజనానికి ముందు, సాయంత్రం ఇల్లు చేరాక, రాత్రి భోజనం తర్వాత పెట్టుకోవడం మేలు. మంచం ఎక్కాక మాత్రం వద్దు, పడుకునే ముందు తవ్వుకుంటే నిద్ర పట్టదు. బాధ కలిగినప్పుడే తెరుస్తాం అంటే కుదరదు. అలా చేస్తే నెలాఖరుకి గ్రాఫంతా ఎరుపూ నీలమే నిండి "నా బతుకింతేనా" అనిపిస్తుంది, అసలు మంచి గంటలు నమోదే కాలేదని గుర్తుండదు. దీనికి సరిగ్గా ఎదురు తప్పు రోజుకి పదిహేనుసార్లు తెరవడం. అది తెలుసుకోవడం కాదు, పుండు గోక్కోవడం. రెండు రోజులు అలా జరిగితే నోటిఫికేషన్లు ఆపేసి వారం పక్కనపెట్టండి.

ఒకే పదం మళ్ళీ మళ్ళీ పడటం ఇంకో జబ్బు. స్ట్రెస్డ్ అన్నది మన ఆఫీసుల్లో "బాధ"లాగే తయారైంది, అన్నీ అందులోనే పోస్తాం. మూడుసార్లు వరసగా అదే వస్తే నాలుగోసారి దాన్ని నొక్కకూడదని నియమం పెట్టుకుని, చుట్టూ ఉన్న పదాల అర్థాలు చదవండి. పని ఎక్కువై ఊపిరాడకపోవడమా, చేసిన పనికి గుర్తింపు లేదన్న ఉక్రోషమా, తప్పు దొరికిపోతుందన్న గుబులా అన్నది అప్పుడే బయటపడుతుంది.

నిద్ర, నడక, వాతావరణంతో మీ రంగులు ఎలా కలుస్తున్నాయో కూడా యాప్ చూపిస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. పదిహేను రోజుల లెక్కతో "ఆదివారాలు నాకు పడవు" అని తేల్చేయకండి. నీరసంగా ఉన్నందువల్ల నడవలేదా, నడవనందువల్ల నీరసమా అన్నది గ్రాఫ్ చెప్పదు.

స్నేహితులతో పంచుకునే సదుపాయం గురించి ఒక హెచ్చరిక. మీ చెక్-ఇన్ రంగూ పదమూ వాళ్ళకి కనిపించేలా పెట్టుకోవచ్చు. దూరంగా ఉన్న ఇద్దరు స్నేహితుల మధ్య బాగుంటుంది. మొగుడూపెళ్ళాల మధ్య, తల్లికీ హాస్టల్లో ఉన్న కొడుక్కీ మధ్య అది కాపలా అయిపోయే ప్రమాదం ఉంది. "మూడింటికి ఎరుపు పెట్టావు, ఎందుకు?" అన్న ఫోన్ ఒక్కసారి వచ్చిందంటే ఆ మర్నాటి నుంచి అన్నీ ఆకుపచ్చలే పెడతాం.

రాసుకున్నవి మామూలుగా మీ ఫోన్లోనే ఉంటాయి, పరిశోధనకి ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, ముందే అడుగుతుంది. ఈ విషయంలో యాప్‌కి పూర్తి మార్కులు. అయితే మన ఇళ్ళలో గోప్యతకి గండి కొట్టేది కంపెనీ సర్వర్లకన్నా ముందు, "ఏదీ నీ ఫోన్ ఓసారి ఇలా ఇవ్వు" అనే చెయ్యి. ఫోన్‌లో యాప్ లాక్ పెట్టుకోండి. ఫోన్ మార్చేముందు, రీసెట్ చేసేముందు బ్యాకప్ సంగతి చూసుకోండి.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ఈమధ్యే దగ్గరి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి పదాల బుడగలు జరపడం అవమానంలా అనిపించొచ్చు, వాళ్ళకి ఇప్పుడు కావాల్సింది పక్కన కూర్చునే మనిషి. చిన్నప్పటి హింస లాంటివి తవ్వుకోవడానికి ఇది పనిముట్టు కాదు, అది కౌన్సెలర్ ఎదుట చెయ్యాల్సిన పని. రెండు వారాలకి పైగా దాదాపు రోజంతా నీలమే పడుతూ నిద్రా తిండీ దెబ్బతింటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చచ్చిపోవాలనిపిస్తే యాప్ మూసేసి 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్, రాత్రీ పగలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

స్మార్ట్‌ఫోన్ వద్దనుకునేవాళ్ళు, అమ్మకో అత్తయ్యకో ఇదే నేర్పాలనుకునేవాళ్ళు రెండు రూపాయల తెల్లకాగితంతో పని కానిచ్చుకోవచ్చు. మధ్యలో ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత. పైన రెండు గళ్ళు ఊపు ఎక్కువ ఉన్నవి, కుడివైపు రెండూ హాయిగా ఉన్నవి. పై ఎడమ గడిలో కోపం, చిరాకు, ఉక్రోషం, కంగారు, గుబులు, అసూయ. కింది ఎడమలో దిగులు, బెంగ, వెలితి, నిరాశ, సిగ్గు, విసుగు. పై కుడిలో సంబరం, హుషారు, ఆత్రం, గర్వం. కింది కుడిలో ఊరట, తృప్తి, నిశ్చింత, నిబ్బరం. ప్రతి గడిలోనూ మూడు నాలుగు గీతలు ఖాళీగా వదలండి, ఆ ఇంట్లో మాత్రమే వాడే మాటలు ఉంటాయి, అవి వాళ్ళే నింపుతారు. క్యాలెండర్ పక్కన మేకుకి తగిలించి, ఒక పెన్సిల్ దారంతో కట్టి ఉంచండి. పెన్సిల్ కట్టకపోతే మూడో రోజుకి ఎవరూ రాయరు.